మణికట్టు మీద ఒక బిందువు: వికారం, వాంతులలో దాని ఉపయోగం

వాంతి జబ్బు కాదు, జబ్బు చూపించే గుర్తు. అయినా మంచం పక్కన కూర్చున్నవారికి జబ్బు కంటే వాంతే ఎక్కువ కనిపిస్తుంది. ఆపరేషన్ అయిన రోజు రాత్రి, కీమోథెరపీ మందు ఎక్కించిన మరునాడు, మూడో నెల గర్భిణి పొద్దున్నే పోపు వాసనకే మొహం తిప్పుకున్నప్పుడు, ఇంటివారు బేసిను పట్టుకుని నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోతున్నామని బాధపడతారు. డాక్టరు గారు రాసిన ఇంజెక్షను పడింది, సిస్టరు వచ్చి చూసి వెళ్లారు, ఇంకా కడుపులో తిప్పుతూనే ఉంది. అప్పుడు మీ చేతితో మీరు చేయగలిగిన చిన్న సాయం ఒకటి ఉంది. చైనా సంప్రదాయ వైద్యంలో మణికట్టుకు కొంచెం పైన గుర్తించిన ఒక బిందువును బొటనవేలితో నొక్కడమే ఆ సాయం.

ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, ఖర్చూ లేదు. అయితే ఈ పాఠంలో సగభాగం ఆ బిందువును ఎప్పుడు నమ్ముకోకూడదో చెప్పడానికే కేటాయిస్తున్నాము. పత్తి, మిరప పండించే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వాంతి ఒక్కోసారి పురుగు మందు వల్ల వస్తుంది. అటువంటి వాంతికి మణికట్టు నొక్కుతూ కూర్చుంటే మనిషి దక్కకపోవచ్చు. కాబట్టి రెండు భాగాలనూ చదవండి. తీరిక లేనివారు రెండో భాగమైనా తప్పక చదవాలి.

లోపలి గుమ్మం

ఈ బిందువుకు చైనా భాషలో పేరు నేయ్‌గ్వాన్. దాని అర్థం ‘లోపలి గుమ్మం’. సుమారు రెండు వేల సంవత్సరాల నాటి చైనా వైద్య గ్రంథం ‘హువాంగ్ డీ నేయ్ జింగ్’లోనే ఈ పేరు ఉంది. ఆ వైద్యుల లెక్కలో శరీరమంతటా ‘చీ’ అనే ప్రాణశక్తి కొన్ని దారుల గుండా ప్రవహిస్తూ ఉంటుంది. ఒక్కొక్క దారి మీద కొన్ని బిందువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో వీటికి పేర్లు, సంఖ్యలు స్థిరపరచినప్పుడు మొత్తం 361 బిందువులను లెక్కలోకి తీసుకుంది. మనం చెప్పుకునే బిందువు గుండెను కప్పి ఉండే పొర పేరుతో పిలిచే దారి మీద ఉంటుంది. ఆ దారి రొమ్ము దగ్గర మొదలై చేతి లోపలి వైపుగా నడివేలి కొన దాకా వస్తుంది. దాని మీద ఉన్న తొమ్మిది బిందువులలో ఇది ఆరవది. అందుకే పుస్తకాల్లో దీనిని పీసీ-6 అనీ, కొన్నిచోట్ల పి-6 అనీ రాస్తారు.

కడుపుకు సంబంధించిన చీ ఎప్పుడూ కిందికి దిగాలట. అది ఎదురు తిరిగి పైకి ఎక్కితే వికారం, వాంతి, ఎక్కిళ్లు, త్రేన్పులు వస్తాయని వారి వివరణ. నేయ్‌గ్వాన్ దగ్గర సూది గుచ్చితే లేదా నొక్కితే పైకి ఎక్కినది మళ్లీ దిగుతుందని చెబుతారు. ఇదే బిందువును గుండె దడకు, రొమ్ము బిగపట్టినట్టు ఉండటానికి, ఆందోళనకు, నిద్ర పట్టకపోవడానికి కూడా వాడతారు. రొమ్ము సంగతి దగ్గర జాగ్రత్త అవసరం. దాని గురించి ముందు చెప్పుకుందాము.

చీ అనేది కొలిచి చూపగలిగిన వస్తువు కాదు. కానీ ఆ చోట చర్మం కింద ఏమి ఉందో మన డాక్టర్లకు బాగా తెలుసు. మీడియన్ నరం అనే పెద్ద నరం అక్కడి నుండే అరచేతికి వెళుతుంది. నొక్కినప్పుడు ఆ నరం ద్వారా మెదడుకు సంకేతం చేరుతుంది.

ఈ విద్య మన దేశానికి వచ్చిన కథ కూడా తెలుసుకోదగినది. జపాను దాడికి గురైన చైనాకు సాయంగా 1938లో మన దేశం నుండి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. వారిలో షోలాపూరుకు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. తిరిగి వచ్చినవారిలో ఒకరైన డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ, తగిన శిక్షణ ఉన్నవారు దీనిని చికిత్సగా వాడవచ్చని చెప్పింది. అంటే సూదులు గుచ్చడం శిక్షణ పొందినవారి పని. ఇంటివారు చేయదగినది బొటనవేలితో నొక్కడం మాత్రమే. పల్లెకు వచ్చి ఒకే సూదిని ఇద్దరు ముగ్గురికి వాడే మనిషిని దగ్గరకు రానివ్వకండి. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. అలాగే అంటుకుంటాయి.

ఎక్కడ ఉంది? ఎలా కనిపెట్టాలి?

రోగి అరచేయి పైకి ఉండేలా చేతిని దిండు మీద పెట్టండి. అరచేయి ముగిసి ముంజేయి మొదలయ్యే చోట అడ్డంగా ముడతలు ఉంటాయి. అరచేతికి దగ్గరగా, అన్నిటికంటే స్పష్టంగా కనిపించే ముడతను గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు రోగి రెండో చేతి చూపుడువేలు, నడివేలు, ఉంగరపు వేలు మూడింటినీ దగ్గరగా చేర్చి, ఉంగరపు వేలి అంచు ఆ ముడత మీద ఆనేలా అడ్డంగా పెట్టండి. చూపుడువేలు ముగిసిన చోట, చేతి వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఆ బిందువు ఉంటుంది.

కొలత రోగి వేళ్లతోనే తీయాలి, మీ వేళ్లతో కాదు. పొలం పని చేసిన మీ వేళ్ల వెడల్పు వేరు, పదేళ్ల పిల్లవాడి వేళ్ల వెడల్పు వేరు. చైనా వైద్యులు కొలతకు అంగుళాలు, సెంటీమీటర్లు వాడకుండా ఎవరి శరీరానికి వారి వేళ్లనే కొలబద్దగా తీసుకున్నది ఇందుకే. మన పెద్దలు జానలు, బెత్తెలు లెక్కపెట్టినట్టే అనుకోండి. రోగి చేయి కదపలేని స్థితిలో ఉంటే అతని వేళ్ల వెడల్పును ఒక దారంతో కొలిచి పెట్టుకోండి.

మధ్య అని ఎలా తెలుస్తుంది? బొటనవేలి కొనను చిటికెన వేలి కొనకు ఆనించి, మణికట్టును కొంచెం లోపలికి వంచమనండి. ముంజేతి మీద తాళ్లలా రెండు నరాలు పైకి లేస్తాయి. మనం నరాలు అంటాము గానీ నిజానికి అవి కండరాలను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు. ఆ రెండు తాళ్ల నడుమ ఉన్న పల్లమే మీకు కావలసిన చోటు. కొందరికి ఒక్క తాడే కనిపిస్తుంది. కంగారు పడనక్కరలేదు, రెండోది పుట్టుకతోనే లేనివారు చాలామంది ఉన్నారు, దాని వల్ల ఏ లోపమూ లేదు. వారికి ఆ ఉన్న ఒక్క తాడుకు పక్కనే, చిటికెన వేలి వైపున నొక్కాలి.

సరైన చోట నొక్కితే మంట పుట్టదు. లోతుగా, మొద్దుగా ఒక నొప్పి, లేదా నడివేలి వైపు సన్నగా జివ్వుమన్నట్టు తెలుస్తుంది. ఏమీ తెలియకపోతే బొటనవేలిని ఒక నూలుపోగంత అటూ ఇటూ జరిపి చూడండి.

నొక్కేటప్పుడు

ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోండి. మిర్చి కోతల కాలంలో అయితే రెండుసార్లు కడుక్కోండి. కళ్లంలో కాయలు తిరగేసినవారు, తొడిమలు తీసే పనికి వెళ్లివచ్చినవారు కడగని చేత్తో పట్టుకుంటే, అసలే నీరసంగా ఉన్న మనిషికి చర్మం భగ్గుమంటుంది. ఆ చేయి కంటికి తగిలిందంటే ఇంకొక బాధ. గోళ్లు కత్తిరించుకుని ఉండటం కూడా మంచిది.

మీ నాలుగు వేళ్లూ రోగి ముంజేతి కింద ఆధారంగా ఉంచి, బొటనవేలి మెత్తని భాగంతో బిందువును గట్టిగా నొక్కండి. నొక్కి పట్టుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. రెండు మూడు నిమిషాలు ఒక చేతికి, తరువాత రెండో చేతికి. రోగి నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ ఉండాలి. ‘అబ్బా’ అని చేయి లాక్కునేంత బలం అక్కరలేదు. వికారం మళ్లీ మొదలైతే మళ్లీ చేయవచ్చు. వాంతి గొంతు దాకా వచ్చాక కంటే, నోట్లో నీళ్లు ఊరడం మొదలవగానే నొక్కడం మేలు. ఓపిక ఉన్న రోగి తన బొటనవేలితో తానే నొక్కుకోవచ్చు.

బస్సు ప్రయాణంలో డోకు వచ్చేవారి కోసం లోపలి వైపు గుండీ ఉన్న సాగే పట్టీలను మందుల షాపుల్లో అమ్ముతారు. గుండీ బిందువు మీద పడేలా వేసుకోవాలి. ఇంట్లో రబ్బరు బ్యాండుతో అటువంటిది చేసి రాత్రంతా బిగించి ఉంచే ప్రయత్నం చేయకండి. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా రక్తం ఆడటం లేదని అర్థం.

కొన్ని చేతులు నొక్కకూడనివి. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ఫిస్టులా కలిపిన చేతిని ఎట్టి పరిస్థితుల్లోనూ నొక్కవద్దు, పట్టీ కూడా వేయవద్దు. ఫిస్టులా చాలామందికి మణికట్టు దగ్గరే ఉంటుంది. అది మూసుకుపోతే రోగికి డయాలసిస్ జరిగే దారే పోతుంది. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బుతో వచ్చేవారు ఎక్కువ కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము. సెలైన్ సూది ఉన్న చేయి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన వైపు చేయి, పుండు, వాపు, విరిగిన ఎముక ఉన్న చేయి కూడా వదిలేయండి. రెండో చేయి చాలు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి గట్టిగా నొక్కితే కమిలిపోతుంది, డాక్టరును అడిగి చేయండి.

గర్భిణుల విషయంలో ఇంకొక మాట. బొటనవేలికి, చూపుడువేలికి నడుమ ఉన్న కండ మీద ఒక బిందువు, కాలి లోపలి చీలమండకు పైన ఒక బిందువు ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు ఆ రెండింటినీ ముట్టుకోవద్దని చైనా సంప్రదాయమే చెబుతుంది. నేయ్‌గ్వాన్‌కు ఆ నిషేధం లేదు. ఎవరో చూపించారని కనిపించిన బిందువల్లా నొక్కకండి.

నిజంగా పని చేస్తుందా?

అడగవలసిన ప్రశ్నే. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అనే మత్తు డాక్టరు ఉండేవారు. చైనా వెళ్లినప్పుడు అక్కడి గర్భిణులు వేవిళ్లకు మణికట్టు మీద ఈ చోటు నొక్కుకోవడం ఆయన గమనించారు. తిరిగి వెళ్లి 1980లలో ఆపరేషన్ రోగుల మీద పరీక్షలు చేశారు. ఈ బిందువు దగ్గర సూది వాడినవారికి వాంతులు తగ్గాయి. తరువాత ఆయన బృందం ఆ చోట ముందుగా తిమ్మిరి మందు ఎక్కించి చూసింది. అప్పుడు ఆ ప్రయోజనం కనిపించలేదు. నరం ద్వారానే ఏదో జరుగుతోందనడానికి అది మంచి సూచన.

ఆపరేషన్ తరువాతి వాంతుల మీద అప్పటి నుండి ఎన్నో పరీక్షలు జరిగాయి. 2015లో కొక్రేన్ సంస్థ 59 పరీక్షలను, అందులోని 7,667 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. ఉత్తుత్తి చోట నొక్కినవారిలో పది మందికి వాంతులైతే, ఈ బిందువు దగ్గర చేసినవారిలో సుమారు ఆరుగురికి అయ్యాయి. వికారం పది మందికి బదులు ఏడుగురికి. అయితే ఆ పరీక్షల్లో చాలా వాటి నాణ్యత తక్కువేనని వారే రాశారు.

కీమోథెరపీ సంగతి అంత బాగా లేదు. కొన్ని పాత పరీక్షల్లో మందు ఎక్కించిన మొదటి రోజు వికారం తగ్గినట్టు కనిపించింది. కానీ ఇంగ్లండులో 500 మంది క్యాన్సర్ రోగులతో చేసి 2013లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, నిజమైన పట్టీ వేసుకున్నవారికీ, ఉత్తుత్తి పట్టీ వేసుకున్నవారికీ, ఏదీ వేసుకోనివారికీ చెప్పుకోదగిన తేడా రాలేదు. వేవిళ్ల మీద ఫలితాలు కొన్ని అటు, కొన్ని ఇటు.

కనుక మా సలహా ఇది. డాక్టరు రాసిన వాంతుల మందు మానేసి దీనిని వాడవద్దు. మందుతో పాటు వాడుకోండి. ఉపయోగపడితే మంచిది, పడకపోతే పోయేదేమీ లేదు. మీ అత్తగారి చేయి పది నిమిషాలు పట్టుకుని కూర్చున్నందుకు ఆమెకు కలిగే ధైర్యం పరీక్షల లెక్కలోకి రాదు, కానీ అది అబద్ధమూ కాదు.

బిందువు కాదు, బండి కావాలి

ఇప్పుడు అసలు భాగం.

పత్తికో మిరపకో మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి తలనొప్పి, వికారం, వాంతి మొదలైతే ‘ఎండ దెబ్బ’ అనో ‘పైత్యం’ అనో అనుకోకండి. చెమటలు ధారగా కారుతున్నాయా? నోటి నుండి చొంగ, కళ్ల నుండి నీరు వస్తున్నాయా? చూపు మసకబారిందా? టార్చి లేకుండా చూసినా కంటిపాప సూదిమొనంత చిన్నగా ఉందా? కండ అక్కడక్కడా అదురుతోందా? ఊపిరి బరువుగా, గురగురమంటూ ఉందా? వీటిలో ఏది ఉన్నా అది పురుగు మందు ఒంటికి పట్టిన గుర్తు. మందు తాగనక్కరలేదు. తడిసిన చొక్కా గుండా, వీపు మీద డబ్బా కారడం వల్ల, ఎదురుగాలికి ఊపిరిలోకి పోయి కూడా పడుతుంది. ఇటువంటి వాంతికి మణికట్టు నొక్కడంలో ఉన్న ప్రమాదం నొక్కుడులో లేదు, పోయే సమయంలో ఉంది. వాంతి ఒక పావుగంట ఆగిందనుకోండి, ‘తగ్గిందిలే, పొద్దున చూద్దాం’ అంటారు. లోపల విషం ఊపిరి కండరాలను పట్టేస్తూనే ఉంటుంది.

వెంటనే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా తడిసిన బట్టలన్నీ తీసివేసి, సబ్బుతో, ఎక్కువ నీళ్లతో తల నుండి కాళ్ల దాకా కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోవాలి. స్పృహ సరిగా లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. మందు తాగిన మనిషికి ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు రసం పట్టించి వాంతి చేయించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి చేయకండి. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయినవారు ఉన్నారు. ఈ విషాలలో ఎక్కువ వాటికి అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షను ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రులు దూరమైతే, దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు అది మొదలుపెట్టించి తరువాత కదలండి.

రెండోది, రొమ్ము. చైనా వైద్యులు ఈ బిందువును రొమ్ము బిగువుకు వాడతారని చెప్పాము. మన ఇళ్లలో ‘గ్యాసు’ అని సోడా తాగించి పడుకోబెట్టే వాటిలో కొన్ని గుండెపోటులే. రొమ్ము మధ్య బరువు, చెమట, వికారం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే బిందువులు వెతకకుండా ఇ.సి.జి. తీయించండి. షుగరు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి, ఆడవారికి నొప్పి లేకుండా చెమట, వాంతి, ఆయాసం మాత్రమే రావచ్చు.

పొలంలో ఎర్ర తేలు కుట్టిన తరువాత వాంతులు, చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే విషం గుండె మీద పని చేస్తోందన్నమాట. పాము కరిచిన తరువాత వాంతి, రెప్పలు వాలిపోవడం కూడా అంతే. బండి మీద నుండి పడి తలకు దెబ్బ తగిలాక వాంతి అయితే ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి. కడుపు ఆపరేషన్ అయినవారికి పొట్ట ఉబ్బి, ఆకుపచ్చ వాంతి అయితే సిస్టరును పిలవండి. గర్భిణికి రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొంచెమే వస్తే సెలైన్ అవసరం పడవచ్చు. ఐదో నెల దాటాక వాంతితో పాటు తలనొప్పి, మసక చూపు, మొహం వాపు ఉంటే అది వేవిళ్లు కాదు, రక్తపోటు. ఫిట్స్ రాకముందే తీసుకురండి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి వాంతితో పాటు వంద డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే తెల్లారే దాకా ఆగవద్దు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాంతి మొదలైన సమయం, ఎన్నిసార్లు అయింది, రంగు ఏమిటి, రక్తం లేదా కాఫీ పొడి లాంటిది కనిపించిందా అన్నది ఒక కాగితం మీద రాసుకు రండి. కంగారులో నోటి మాట మారిపోతుంది. పురుగు మందు అనుమానం ఉంటే ఆ డబ్బాను కూడా ప్లాస్టిక్ కవరులో కట్టి తీసుకురండి. లేబులు సగం చిరిగిపోయినా, డబ్బా ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. రెండు మందులు కలిపి కొట్టి ఉంటే రెండు డబ్బాలూ కావాలి.